ఉత్తరమేరూరు శాసనములు: అభ్యర్థిశబ్దవిచారము

కాంచీపురమండలమున ఉత్తరమేరూరను ప్రాచీనగ్రామము కలదు. పల్లవుల యేలుబడిలో నిది బ్రాహ్మణుల కగ్రహారముగా వెలసి, యుత్తరమేరు చతుర్వేదిమంగళమను పేరఁ బ్రసిద్ధి కెక్కెను. అందలి వైకుంఠపెరుమాళ్ళ యాలయపు గోడలమీఁద మొదటి పరాంతకచోళుని పండ్రెండవ పాలనవత్సరమున నొకటియుఁ, బదునాల్గవ వత్సరమున నొకటియుఁ జెక్కఁబడిన రెండు శాసనములు గలవు. అవి క్రీ. శ. 919, 921 ప్రాంతములవి. భాష తమిళము, పదములలోఁ బెక్కు సంస్కృతములు. 1898వ సంవత్సరమున శాసనశాఖవారు వీనికిఁ బ్రతులు తీసికొనిరి. పిమ్మట వెంకయ్యగారు పురావస్తుశాఖవారి 1904-05 వార్షికనివేదికయందు వీనిని సవిస్తరముగఁ బ్రకటించి లోకమునకెల్లఁ దెలియఁజేసిరి. చోళచరిత్రపరిశోధకులగు కె. ఏ. నీలకంఠశాస్త్రిగారు 1932వ సంవత్సరమునఁ బ్రకటించిన గ్రంథమున వీనిని మరలఁ బరిశీలించిరి.

ఈ శాసనములు వెలువడిన నాఁటినుండి నేఁటివఱకుఁ బాఠ్యపుస్తకములందును ఉపన్యాసములందును దఱచుగ వినఁబడు మాట యొకటి కలదు. వేయియేండ్లకు మునుపే మనదేశమున నేఁటివంటి యెన్నికలు జరిగెననియు, కుండయే ఓటుపెట్టె యనియు, తాటియాకే ఓటుచీటి యనియు ననుచుందురు. దేశాభిమానమున కీమాట ప్రీతికరమే. కాని శాసనవాక్యములను బదచ్ఛేదము చేసికొని చదివినవారి కిది యంత సులభముగ నంగీకార్యము కాదు. అభ్యర్థి యనఁగా నెవఁడు, వాఁడేమి చెప్పును, ఎవరితోఁ జెప్పును, విన్నవారేమి చేయుదురు — ఈ ప్రశ్నలను శాసనమునకు వేసి చూచినచో నందుండి యూహింపని యుత్తరములు వచ్చును. అందుకై యీ చిన్నవ్యాసము.

అభిపూర్వకమగు అర్థధాతువు యాచనార్థకము. దానిపై ణినిప్రత్యయము చేరఁగా అభ్యర్థిశబ్ద మేర్పడును. అడుగువాఁడు, వేఁడుకొనువాఁడు అని యర్థము. ఎన్నికలలో నిలుచువాని కీశబ్దమును వాడుట మనభాషలో నవీనమే యైనను బ్రయోగము తగినదే. వాఁడు పదవి నడుగుచున్నాఁడు గదా! ఆంగ్లేయుల క్యాండిడేటుశబ్దము తెలుపను నర్థముగల లాటిను పదమునుండి పుట్టినది. రోమనగరమునఁ బదవులు గోరువారు సుద్దచేఁ దెల్లఁబఱచిన వస్త్రములు ధరించి సంతలయందుఁ దిరుగుచు నొక్కొక్కని చేయిపట్టి బతిమాలుకొనెడివారఁట. ఓటను మాటయు నాభాషలోనే కోరిక, మ్రొక్కుబడి యను నర్థములుగల పదమునుండి వచ్చినది. కావున రెండు మాటలయందును గోరిక యున్నది. ఒకఁడు పదవిని గోరును. పలువురు వానిని గోరుదురు. ఉత్తరమేరూరున నీ రెండు కోరికలకును దావు లేదని నా యభిప్రాయము. ఇఁక శాసనమునే చూతము.

మొదటి శాసనము సంగ్రహము, రెండవది విస్తారము. రెండేండ్లలోనే యొక నియమమును మరలఁ జెక్కింపవలసివచ్చుటకుఁ గారణమేమి? వార్తికమునకు లక్షణముఁ జెప్పువారు ఉక్తానుక్తదురుక్తచింత యందురు. చెప్పినదానిని, చెప్పక విడిచినదానిని, సరిగాఁ జెప్పనిదానిని విమర్శించుట యని తాత్పర్యము. పాణిని సూత్రములకుఁ గాత్యాయనుఁ డెట్లో, 919 నాఁటి నియమమునకు 921 నాఁటి శాసన మట్లు. మొదటిదానియందు ముప్పదేండ్లకు పైఁబడి యఱువదేండ్లకు లోఁబడినవారు యోగ్యులని యుండఁగా, రెండవదానియందు ముప్పదియైదేండ్లకు మీఁదు, డెబ్బదేండ్లకు లోపు అని మార్చఁబడినది. రెండింటియందును సంవత్సరవారియము, తోఁటవారియము, ఏరివారియము అను మూఁడు సంఘములు చెప్పఁబడినవి. వానితోఁబాటు బంగారమునకు సంబంధించిన పొన్వారియమును, పంచవారవారియమును గలవు. మొదటిదానియందుఁ బదవి వీడినవారికి దగ్గఱచుట్టములు కారాదని సామాన్యముగఁ జెప్పి విడిచిరి; రెండవదానియందు నాచుట్టము లెవ్వరో యొక్కొక్కరినిఁ బేర్కొనిరి. రెండేండ్ల యనుభవమున సామాన్యవచనము చాలదని తేలియుండును. దగ్గఱచుట్ట మన్నచోఁ జిక్కినవాఁడు తాను దూరపుచుట్టమని వాదింపఁగలఁడు. మేనత్తకొడు కన్నచో వాదమునకుఁ జోటు లేదు.

రెండు పర్యాయములును రాజాధికారి సభయం దుండెను. మొదటిమాఱు తత్తనూరు మూవేందవేళానును, రెండవమాఱు కరంజై కొండయక్రమవిత్తభట్టు అను సోమాసిపెరుమాళును రాజాజ్ఞానుసారముగ సభవారితోఁ గూర్చుండి యీ వ్యవస్థ చేయించిరి. గ్రామస్వాతంత్ర్యమును గొనియాడువా రీసంగతిని మెల్లగా దాఁటి పోవుచుందురు. నియమము సభవారిదే; కాని రాజు చేయి యందు లేదనుట శాసనవిరుద్ధము.

గ్రామము ముప్పది కుడుంబులుగ విభక్తమై యుండెను. వీథులు, అనఁగాఁ జేరులు, పండ్రెండు. ప్రతి కుడుంబునందును యోగ్యుల పేళ్ళు వేర్వేఱు తాటియాకులపై వ్రాయవలయును. యోగ్యుఁ డెవఁడు? కాలు వేలికిఁ బైఁబడి పన్నుచెల్లించు భూమి గలవాఁడు. కాలు వేలి యనఁగా సుమా రొకటిన్నర యెకరము. సొంతస్థలమున నిల్లు కట్టుకొని యందే వసించువాఁడు. మంత్రబ్రాహ్మణములు నేర్చి యితరులకు నేర్పఁగలవాఁడు. ఇది యుత్సర్గము. దీనికొక యపవాదము గలదు: ఒక వేదమును, నాలుగు భాష్యములలో నొకదానిని జదివి చెప్పఁగలవానికి వేలిలో నెనిమిదవపాలు భూమి యున్నను జాలును. ఇట్లు యోగ్యులైనవారిలోనుఁ గార్యనిపుణులై, యాచారవంతులై, న్యాయార్జితధనులై, శుద్ధమనస్కులై, గడచిన మూఁడేండ్లలో నేవారియమునందును బనిచేయనివారినే గ్రహింపవలయును.

ఈ మూఁడేండ్ల నియమమున నొక లెక్క దాఁగియున్నది. ఏఁటేఁట నొక్కొక్క కుడుంబునుండి యొక్కొక్కఁడు వచ్చును. వచ్చినవాఁడు మరల మూఁడేండ్లు రాఁదగఁడు. కావున వంతు తప్పక నడువవలెనన్నచోఁ బ్రతి కుడుంబునందును యోగ్యులు నలుగురికిఁ దక్కువ కారాదు. గ్రామమంతటికిఁ గలసి నూటయిరువదిమంది. పొన్వారియ పంచవారవారియములకై వేఱుగ మఱి ముప్పదిపేళ్ళు తీయవలసియుండుటచే నీసంఖ్య యింకను బెరుగును. వేదవేదాంగములు చదివి, భూమి కలిగి, లెక్క యప్పగించిన గృహస్థు లింతమంది యొక యూర నుండుట నేఁటివారికి వింతగాఁ దోఁచును. ఆ యూరు సామాన్యగ్రామము కాదు, చతుర్వేదిమంగళము.

ఇఁక ననర్హుల పట్టిక. శాసనమునఁ బ్రాణమంతయు నిచ్చటనే యున్నది. మున్ను వారియములందుండి లెక్క యొప్పగింపనివాఁ డందఱికంటె ముందు త్రోయఁబడెను. వాఁడొక్కఁడేకాదు. వాని తల్లి యప్పచెల్లెండ్ర కొడుకులు, మేనత్తకొడుకులు, మేనమామకొడుకులు, తల్లి సోదరులు, తండ్రి సోదరులు, తోఁబుట్టినవారు, మామ, బావమఱఁదులు, చెల్లెలిమగఁడు, మేనల్లుఁడు, అల్లుఁడు, తండ్రి, కొడుకు — వీరందఱి పేళ్ళును గుండలోఁ బడరాదు. ఈ పట్టికను జదువునప్పుడు ధర్మశాస్త్రజ్ఞులకు వెంటనే యొకటి స్ఫురించును. మేనత్తకొడుకులు, తల్లి యప్పచెల్లెండ్ర కొడుకులు, మేనమామకొడుకులు అను మువ్వురును స్మృతులయందు ఆత్మబంధువులని చెప్పఁబడినవారే. దాయభాగప్రకరణమున వారు ధనమునకు వారసులగు క్రమము చెప్పఁబడఁగా, నిచట వారు దోషమునకు వారసులైరి. లెక్క యప్పగింపనివాని ధనము చుట్టములయిండ్లఁ జేరు ననుమానమే యీ నియమమునకు మూలము కావలెను. ధనము పోవు దారు లేవో దోషమును ఆదారులనే పోవలెనని శాసనకర్త లెంచిరి. వారికి వ్యవహారజ్ఞాన ముండెననుటకు వేఱు సాక్ష్య మక్కఱలేదు.

తరువాత నగమ్యాగమనము చేసినవారు, పంచమహాపాతకములలో మొదటి నాలుగింటిని జేసినవారు, వారి చుట్టములు, పతితసంసర్గముగలవారు, సాహసులు, పరద్రవ్యాపహారులు, తినరానివి తిన్నవారు, గ్రామకంటకులు, కపటలేఖ వ్రాసినవారు, గాడిద నెక్కినవారు త్యాజ్యు లనియున్నది. ప్రాయశ్చిత్తముచే శుద్ధులైనవారిలోనుఁ గొందఱికి జీవితాంతము వారియప్రవేశము నిషిద్ధము; పాపమునకు నిష్కృతి కలిగినను బదవికి నిష్కృతి లేదన్నమాట. ఇందు సాహసిశబ్దమును దుడుకువాఁ డని యర్థముచేయుట కలదు. నాకది సరిపడదు. స్మృతులలో సాహసము పదునెనిమిది వ్యవహారపదములలో నొకటి. బలముచేఁ బరుల నొప్పించి చేసిన నేరమని యచట నర్థము. తక్కిన పదములన్నియు ధర్మశాస్త్రమునుండియే గ్రహింపఁబడియుండఁగా నీ యొక్కదానికి మాత్రము లౌకికార్థము చెప్పుట ప్రకరణవిరుద్ధము. కంటకశబ్దమును నట్టిదే, కౌటిల్యుని కంటకశోధనాధికరణము తెలిసినవారికి వివరింపఁ బనిలేదు. గాడిదనెక్కుటయన స్వేచ్ఛగా నెక్కుట కాదు. నేరముచేసినవానిని గాడిదపైఁ గూర్చుండఁబెట్టి యూరేగించుట మన యూళ్ళయందును బెద్దలు చెప్పుకొను శిక్షయే.

ఇట్లు వడగట్టిన పేళ్ళను గుడుంబు కుడుంబునకు వేఱుగఁ గట్టలుగట్టి, పైయాకు చుట్టి, కుండలో వేయుదురు. బాలురు మొదలు వృద్ధులవఱకు మహాసభయంతయుఁ గూడవలయును. ఆనాఁ డూరనున్న యర్చకులందఱు నొక్కరును విడువక సభాభవనమున లోపలిమండపమునఁ గూర్చుండవలయును. వారిలోఁ బెద్దవాఁడు లేచి, యెల్లరకుఁ గానవచ్చునట్లు కుండ నెత్తి పట్టును. లోనున్న దేమో యెఱుఁగని చిన్నబాలుఁ డొక కట్టను దీసి వేఱొక ఖాళీకుండలో వేసి కలఁచి, యందుండి యొక యాకును దీసి మధ్యస్థుని చేతి కిచ్చును. మధ్యస్థుఁడు అయిదువ్రేళ్ళును జాఁచి యఱచేత దాని నందుకొని బిగ్గరగాఁ జదువును. అర్చకులును జదువుదురు. ఆపేరు వ్రాసికొనుదురు. తమిళమున దీనికిఁ గుడవోలై యని పేరు. కుడమనఁగాఁ గుండ, ఓలై యనఁగాఁ దాటియాకు. అయిదువ్రేళ్ళు జాఁచుమన్న నియమమును జదివి నవ్వుకొనువా రుందురు. ముడిచిన వ్రేళ్ళసందున నేమి దాఁగునో యనుభవించినవారే యట్టి మాట చెక్కింతురు.

ముప్పదిమంది యిట్లు తేలిన పిమ్మట మునుపు తోఁటవారియ మేరివారియములలోఁ బనిచేసినవారిని, విద్యావృద్ధులను, వయోవృద్ధులను బండ్రెండుమందిని సంవత్సరవారియమున కేర్పఱతురు. మిగిలినవారిలోఁ బండ్రెండుమంది తోఁటవారియము, ఆఱుగురు ఏరివారియము. మూఁడువందలయఱువది దినములు నిండినంతనే దిగిపోవలెను. నడుమ నేరము బయల్పడినచో నప్పుడే తొలఁగింపవలెను. పొన్వారియ పంచవారవారియములకు వేఱుగఁ దీసిన ముప్పదిమందిలోఁ బండ్రెండుగురిని నిలిపి చెఱి యాఱుగురిని జేయుదురు. పంచవారశబ్దార్థమును గూర్చి పండితు లేకాభిప్రాయులు కారు. దాని నిచట విడిచెదను.

చీటి వేయుటవలన మూర్ఖుఁడును బైకి రావచ్చుఁ గదా యను నాక్షేపమున కీ మెట్టుకట్టు సమాధానము. చీటి తెచ్చిన ముప్పదిమందిలో ననుభవముగలవారికే పెద్దసంఘము దక్కును. క్రొత్తవారు చెఱువును తోఁటను జూచుకొనుచుఁ బని నేర్చుకొందురు. చెఱువుపని చిన్నపని కాదు. ఉత్తరమేరూరునకు వైరమేఘతటాకమను పెద్దచెఱువు పల్లవదంతివర్మ బిరుదుపేరఁ గలిగియుండెను. అందలి పూడిక తీయించుటకై దాతలు ద్రవ్యమును సభవారియొద్ద నిలువచేసి, వచ్చు వడ్డితో నేఁటేఁటఁ బని జరుగునట్లు కట్టడి చేసిన శాసనములు నాయూరనే కలవు. వడ్డి యెంత, తీసిన మన్నెంత యని యడుగువాఁడు లేకున్నచో నాద్రవ్యమేమగునో చెప్పనక్కఱలేదు. ఈ వ్యవస్థ యంతయు లెక్కచుట్టుఁ దిరుగుటకుఁ గారణ మిదియే.

ఇపుడు మన మొదటి ప్రశ్నకు వత్తము. ఈ శాసనములలో నెచ్చటనైనను నొక్కఁడైనను బదవి నడిగెనా? లేదు. చెఱువు నిట్లు బాగుచేయింతును, తోఁట నిట్లు పెంతునని చెప్పుటకు వానికి సందర్భమే లేదు. వాని పేరు వాని యిచ్ఛతోఁ బనిలేకయే యోగ్యతచే నాకుపైకెక్కును. బాలుని చేతివాటమునఁ బైకి వచ్చును. గ్రామవిషయములను గూర్చి వాని యభిప్రాయ మేమో పదవికి వచ్చువఱకు నెవరికిని దెలియదు, తెలియవలసిన యవసరమును లేదు. కావున వానిని అభ్యర్థి యనరాదు. కుండలోని యాకును ఓటు చీటి యనుటయుఁ దప్పే. దానిపై నున్నది వ్రాసినవాని కోరిక కాదు, యోగ్యుని పేరు. ఎన్నిక యనుమాట యొక్కటి నిలుచును. ఎన్నుటకు లెక్కించుట యనియు నర్థమున్నది గనుక యోగ్యుల నెన్నిరనవచ్చును.

ఇంతమాత్రమున నిది తక్కువ పద్ధతి యని నే ననను. యవనదేశపు ఏథెన్సు నగరమున నేనూఱుమందిసభను బది తెగలనుండి యేఁబదేసిమంది చొప్పునఁ జీటులచేతనే యేర్పఱచెడివారు. చీటివేఁత ప్రజాప్రభుత్వలక్షణమనియు, ఎన్నిక కొలఁదిమందిప్రభుత్వలక్షణమనియు అరిస్టాటిలు పండితుఁడు తన రాజనీతిగ్రంథమునఁ దలఁచెను. ఆ నగరమునఁ బదవికి రాకముందు యోగ్యతాపరీక్షయుఁ, బదవి వీడిన పిదప లెక్కపరీక్షయు నుండెడివి. రెండు దేశములకు నడుమ రాకపోక లీవిషయమునఁ గలవనుటకు సాక్ష్యము లేదు. పరస్పరము పరిచయములేని రెండు జనపదములు, వాక్చాతుర్యమునకుఁ బదవిని దూరముచేయవలెనని తలఁచినప్పు డొకేయుపాయమును గనిపెట్టిన వనుట చాలును.

అయితే యెవరిగ్రామ మిది? ఈప్రశ్నను దాఁటిపోవుట పండితధర్మము కాదు. కాలు వేలి భూమి లేనివాఁడు లేఁడు. వేదమునకు దూరమైనవాఁడు లేఁడు. స్త్రీ లేదు. అగ్రహారభూములను దున్నినవాఁడు, చెఱువుమన్ను మోసినవాఁడు కుండలోనికి రాలేదు. బ్రాహ్మణేతరులు వసించు గ్రామములకు ఊరను వేఱుసభ యుండెననుట నిజమే. కాని యీ శాసనముల నియమము వారిది కాదు. దుష్టులు నశించి విశిష్టులు వర్ధిల్లుటకై యీ వ్యవస్థ చేసితిమని శాసన మనుచున్నది. వర్ధిల్లు క్రియకుఁ గర్త విశిష్టుఁడే. గ్రామవృద్ధి యని మనము నేఁడనునపుడు గ్రామ మనుపదమున నందఱును జేరుదురు. వృధుధాతువు మాఱలేదు, కర్త మాఱెను. వేయియేండ్ల చరిత్రలో జరిగిన దిదియే. పాఠశాలలలో నీశాసనమును బోధించువారు మొదటిభాగమును జెప్పి రెండవభాగమును దాఁచినచో విద్యార్థి కసత్యమును నేర్పినట్లగును.

అడుగువాఁడు, అనఁగా నిజమైన అభ్యర్థి, మనదేశమున గ్రామమండలపరిపాలనములలోఁ బొడసూపుట యాంగ్లేయపాలనమందే. 1882వ సంవత్సరము మే 18వ తేదీ రిప్పన్‌ప్రభువు ప్రకటించిన తీర్మానమున స్థానికసంఘములు పరిపాలనసౌకర్యమునకంటె జనులకు రాజకీయశిక్షణ మొసఁగుటకే ముఖ్యమని చెప్పఁబడినది. దాని ననుసరించి మదరాసు రాజధానిలో 1884వ సంవత్సరపు చట్టముచే జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, గ్రామయూనియన్లు నేర్పడెను. తొలిదినములలో నామినేషనుచే వచ్చినవారే మెండు. జిల్లాబోర్డునకుఁ గలెక్టరే యధ్యక్షుఁడు. 1920వ సంవత్సరపు చట్టములచే నెన్నికైనవారికిఁ బ్రాధాన్యము కలిగెను. అప్పటినుండి రోడ్లు, బడులు, వైద్యశాలలు, నూతులు — వీనిని గూర్చి నాకిట్లు తోఁచుచున్నదని చెప్పి యోట్లడుగు మనుష్యుఁడు మన యూళ్ళలోఁ గానవచ్చెను. తాలూకాబోర్డులు 1934లో రద్దయ్యెను. అడుగువాఁడు రద్దు కాలేదు.

అయినను బన్ను చెల్లించువారికే యోటున్నంతకాల మడుగువాఁ డందఱిని నడుగఁడు. చీరాల పేరాల గ్రామముల చరిత్ర యిందుకు నిదర్శనము. ఆ గ్రామములను గలిపి పురపాలకసంఘముగాఁ జేయుటయే గ్రామవృద్ధి యని ప్రభుత్వమువారి తలంపు. పన్నులు పెరుగుననియు, తమ కీవృద్ధి వలదనియు జనుల తలంపు. అర్జీలు ఫలింపలేదు. 1921వ సంవత్సరమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు తమ యిండ్లు విడిచి యూరివెలుపల రామనగరమను పేరఁ బాకలు వేసికొని పదునొకండు మాసములు వసించిరి. అచట జనాభిప్రాయము నభ్యర్థులు చెప్పలేదు, ఖాళీయిండ్లు చెప్పెను.

భారతరాజ్యాంగరచనాసమయమున గ్రామమును గూర్చి పెద్దచర్చ జరిగెను. 1948 నవంబరు 4వ తేదీని అంబేద్కరుగారు గ్రామము సంకుచితత్వమునకు నిలయమని నిర్మొగమోటముగఁ బలికిరి. అదే నెల 22వ తేదీని సంతానంగారు ప్రతిపాదించిన సవరణము గ్రామపంచాయతులను రాజ్యాంగమునకుఁ దెచ్చెను. అది నలువదవ యధికరణము. మన టంగుటూరి ప్రకాశంపంతులుగారు పంచాయతులపక్షమునఁ బ్రసంగించిరి. ఉత్తరమేరూరు శాసనమును జదివినవానికి నిరుపక్షములును నిజమే యని తోఁచును: పరిపాలనశక్తి గ్రామమునఁ గలదు, బహిష్కారబుద్ధియుఁ గలదు. ఆంధ్రప్రదేశమున 1959లోఁ బంచాయతీసమితులు, జిల్లాపరిషత్తులు వెలసెను. 1986లో సమితుల తావున మండలములు వచ్చెను. 1993 ఏప్రిలు 24వ తేదీనుండి యమలులోనికి వచ్చిన డెబ్బదిమూఁడవ సవరణము గ్రామసభకు రాజ్యాంగస్థానము నిచ్చి, యిరువదియొక్క యేండ్లు నిండినవారెల్లరు నిలుచుటకుఁ దగుదురని చెప్పి, స్త్రీలకు మూఁడవవంతు స్థానములను బ్రత్యేకించెను. ఆ సవరణమున గ్రామమునకుఁ జెప్పఁబడిన యిరువదితొమ్మిది పనులలోఁ జిన్ననీటివనరులు నున్నవి. ఏరివారియము మరల వచ్చినదన్నమాట.

ఇటీవల హర్యానారాష్ట్రమువా రభ్యర్థులకుఁ గొన్ని యోగ్యతలను విధించిరి. సామాన్యముగఁ బురుషులు పదవతరగతి తేఱియుండవలెను. ఇంట మరుగుదొడ్డి యుండవలెను. సహకారఋణములు, విద్యుచ్ఛక్తి బాకీలు తీర్చియుండవలెను. 2015 డిసెంబరులో సర్వోన్నతన్యాయస్థానము వీనిని సమర్థించెను. రాజస్థానమున నిట్టి విద్యానియమమే పెట్టి 2019లోఁ దీసివేసిరి. సొంతయిల్లు, చదువు, తీర్చిన బాకీ — ఉత్తరమేరూరు గోడమీఁది పట్టికయే మరలఁ జదివినట్లుండును. కాని యొక భేద మున్నది. చోళకాలమున విద్య భూమి నియమమునకు నపవాదమై వచ్చి, పేదవిద్వాంసునికిఁ దలుపు తెఱచినది. హర్యానానియమమున విద్య యుత్సర్గమై, బడి లేని కాలమునఁ బుట్టినవానికిఁ దలుపు మూసినది. విద్యోపజీవియగు నాకు విద్యానియమము నచ్చవలసినదే. నచ్చలేదు. చదువు చెప్పింపని రాజ్యము చదువులేదని త్రోయుట యెట్టి న్యాయము?

లెక్కవిషయమునఁ బ్రాచీనులే కఠినులు. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్యచట్టమున, ఎన్నికవ్యయపు లెక్క యొప్పగింపని యభ్యర్థిని మూఁడేండ్లవఱకు ననర్హుని జేయ వీలున్నది. అది యడుగుట కైన వ్యయపు లెక్క. ఏలినప్పటి లెక్క కాదు. చుట్టముల ప్రసక్తియే లేదు. భార్యను బదవిలో నిలిపి మగఁడు చెలాయించు గ్రామములు నేఁటికిని గలవు. ఆపట్టిక చెక్కించినవా రది చూచిన నేమందురో! 2005వ సంవత్సరపు గ్రామీణోపాధి చట్టము మాత్రము పనుల లెక్కను గ్రామసభయే పరీక్షింపవలెనని విధించెను. ఆంధ్రప్రదేశమున మస్టరుపట్టీలను జనుల యెదుటఁ జదివి, కూలి ముట్టినదా యని పేరు పేరున నడుగు పద్ధతి బాగుగ నడచెను. మధ్యస్థుఁడు సభలో బిగ్గరగాఁ జదువుట కిది దగ్గఱ.

లెక్కరిని గూర్చిన కడపటి నియమమొకటి చెప్పవలసియున్నది. మధ్యస్థులలో న్యాయార్జితముగలవాఁడే గ్రామపు లెక్క వ్రాయవలెను. తాను వ్రాసిన లెక్కను బెద్దవారియమువారికిఁ దానే యొప్పగించి, శుద్ధుఁడని యనిపించుకొనువఱకు మరల నాపనికిఁ దగఁడు. ఆ లెక్కను ముగించుటకు వేఱొక లెక్కరి ప్రవేశింపరాదు. దీనిపిమ్మట, చంద్రసూర్యులున్నంతకాల మిట్లే కుడవోలైచే వారియము లేర్పడవలెనని చెప్పి శాసనకర్తలు ముగించిరి.